పెన్సిలమ్మ రాసిన వాంగ్మూలం

కోర్టులో ఆమెను అందరూ పెన్సిలమ్మ అనేవారు. ముడిలో ఒకటి, చేతిలో ఒకటి, పుస్తకం మధ్యలో ఒకటి, ఎప్పుడు చూసినా మూడు పెన్సిళ్ళకు తక్కువ ఉండేవి కావు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒకటో నంబరు హాల్లో, జడ్జి కుర్చీకి ఎడమ పక్కనున్న చిన్న బల్ల దగ్గర కూర్చుని, బోనెక్కిన వాళ్ళు చెప్పింది చెప్పినట్టు షార్ట్‌హ్యాండ్‌లో రాసింది. మాట పెదవి దాటడం, గీత కాగితం మీద పడడం ఒక్కసారే జరిగేవి. నత్తి ఉన్న సాక్షి వస్తే నత్తితో సహా రాసేది. ఏడిస్తే ఏడ్చినట్టు, దగ్గితే దగ్గినట్టు గుర్తు పెట్టేది. ఒకసారి ఒక ప్లీడరు ఆ దగ్గెందుకమ్మా, కేసుకేమైనా పనికొస్తుందా అని నవ్వాడు. అప్పటి పాత జడ్జి కళ్ళద్దాల మీంచి చూసి, "రాయనివ్వండి. ఏ ప్రశ్నకు దగ్గాడో నాకు కావాలి" అన్నాడు. ఎవరికైనా అవార్డులు వస్తే గోడకు తగిలించుకుంటారు. పెన్సిలమ్మకు ఆ మాటే అవార్డు. కొత్తగా పరిచయమైన వాళ్ళకు రెండో రోజుకల్లా అది చెప్పేసేది.

భర్త ఊరి పంపుహౌసులో ఆపరేటరు. నెమ్మదస్తుడు. ఏ గొడవా ఇంటి గుమ్మం తొక్కకూడదన్నది ఆయన ఏకైక కోరిక. పిల్లలు లేరు. పంపుహౌసు వెనకాల ఇచ్చిన రెండు గదుల క్వార్టర్లో మోటార్ల చప్పుడు మధ్య ఇద్దరూ గట్టిగా మాట్లాడుకోవడం అలవాటైపోయింది. బయట జనం గొంతులు తగ్గించుకోవడం మొదలెట్టినప్పుడు ఆ అలవాటు మానుకోవడానికి వాళ్ళకు చాలా కష్టమైంది.

జనం గొంతులు ఒక్కరోజులో తగ్గలేదు. ముందు ఎన్నికలు ఆరు నెలలు వాయిదా పడ్డాయి. తర్వాత మరో ఆరు నెలలు. ఆ తర్వాత పరిస్థితులు చక్కబడేదాకా అన్నారు. చక్కబడని పరిస్థితి ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు గాని, అడిగినవాళ్ళ పరిస్థితి మాత్రం చెడడం కళ్ళారా చూశారు. బస్సుల్లో జనం ఎండ గురించీ, వాన గురించీ తప్ప ఇంకో ముక్క మాట్లాడడం మానేశారు. దుకాణాలన్నిట్లో దేశాన్నేలే పెద్దాయన ఫొటో పెట్టాలని తాఖీదు వస్తే, వీధి చివరి మందుల షాపాయన దాన్ని తీసుకెళ్ళి దగ్గు మందు సీసాల వెనకాల పెట్టాడు. తనిఖీకి వచ్చినవాడు ఏదయ్యా ఫొటో అంటే సీసాలు ఒక్కొక్కటే జరిపి చూపించాడట. ఆ సంగతి వారం రోజులపాటు ఊళ్ళో ఒక చెవి నుంచి ఇంకో చెవికి తిరిగింది. అప్పట్లో జనం ఇంకా అంతమాత్రం నవ్వేవారు.

కోర్టులో పాత జడ్జి ఆరోగ్యం బాగా లేదని రాసిచ్చి వెళ్ళిపోయాడు. ఆయన రోజూ మూడు మైళ్ళు నడిచే మనిషి. ఆయన స్థానంలో వచ్చిన కొత్త జడ్జి చిన్నవాడు, మర్యాదస్తుడు. బంట్రోతును కూడా మీరు అనేవాడు. సాక్షి చెప్పిందంతా రాయనక్కర్లేదని, సారాంశం తానే చెబుతానని, అది టైపు చేస్తే చాలని పెన్సిలమ్మకు ఎంతో సౌమ్యంగా చెప్పాడు. ఆమె తలూపింది. కాని సాక్షి నోరు తెరవగానే పెన్సిలు దానంతటదే కదిలేది. ముప్ఫై ఏళ్ళ అలవాటును ఏం చేయగలదు? సారాంశం టైపు మిషన్ మీద, అసలు మాట పుస్తకంలో. అలా రెండు రాతలు మొదలయ్యాయి.

ఆ రోజుల్లోనే లెక్కల టీచరమ్మ పోస్టాఫీసు మెట్ల మీద నిలబడింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు, ఊళ్ళో సగం మందికి ఎక్కాలు నేర్పింది. ఒక గురువారం సాయంత్రం గొడుగు, మంచినీళ్ళ సీసా, ఒక అట్టముక్క పట్టుకుని వచ్చింది. అట్ట మీద "ఎన్నికలు ఎప్పుడు?" అని రాసి ఉంది. నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా ఉంది రాత. ఒక గంట నిలబడి, గొడుగు దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయింది. రెండో గురువారం ఆమె పక్కన వీధిలో బట్టలు కుట్టే దర్జీ నిలబడ్డాడు. మూడో గురువారం మందుల షాపాయన. రెండు నెలలకు నలభై మంది అయ్యారు. నినాదాలు లేవు, కేకలు లేవు. ఆపాల్సిన ఇన్‌స్పెక్టరు ఒకప్పుడు ఆమె క్లాసులో గోడకుర్చీ వేసినవాడే. మొదట్లో మొహం చాటేసి రోడ్డు అవతల నిలబడేవాడు.

పెన్సిలమ్మ ఇంటికి వెళ్ళే బస్సు ఆ మెట్ల ముందు నుంచే పోతుంది. గురువారాలు ఆమె అవతలి కిటికీ వైపు కూర్చునేది. ప్రభుత్వోద్యోగం మరి. భర్త కూడా మనకెందుకే అన్నాడు, ఆమె అవునంది. ఒకసారి మందుల షాపాయన చిల్లర ఇస్తూ, ఒక్క పది నిమిషాలు వచ్చి నిలబడితే చాలక్కా, కోర్టులో పనిచేసేవాళ్ళు కూడా ఉన్నారంటే మిగతావాళ్ళకు ధైర్యం అన్నాడు. ఆమె మోకాళ్ళ నొప్పులని చెప్పింది. చెప్పాక, అది నిజం చేయడానికన్నట్టు ఒక నొప్పుల మందు కూడా కొనుక్కుంది. అతను దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు.

తర్వాతి నెలలో ప్రజాశాంతి చట్టం వచ్చింది. దాని ప్రకారం ఐదుగురు ఒకచోట ఒకే ఉద్దేశంతో నిలబడితే నేరం. ఆ గురువారం పోస్టాఫీసు మెట్ల మీద నుంచి పంతొమ్మిది మందిని వ్యానెక్కించారు. మందులు తీసుకురావడానికి వెళ్ళడం వల్ల మందుల షాపాయన ఆ రోజు లేడు. ఇన్‌స్పెక్టరు ఈసారి మొహం చాటేయలేదు.

కేసు ఒకటో నంబరు హాలుకే వచ్చింది.

లెక్కల టీచరమ్మ బోనెక్కినప్పుడు కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఉంది. ఏమైనా చెప్పుకునేది ఉందా అని జడ్జి మామూలుగా అడిగాడు. చాలామంది లేదంటారు. ఆమె ఉందంది. పాఠం చెప్పేటప్పటి గొంతే, ఏ మూలకైనా వినపడేది.

"నా కుడిచేతి వేళ్ళు రెండు స్టేషన్లో విరగ్గొట్టారు. బల్ల సొరుగులో పెట్టించి మూశారు. మూసినవాడు నా దగ్గర చదువుకున్నవాడే, పేరు చెప్పమంటే చెప్తాను. అది పోనీండి. నాతోబాటు తీసుకొచ్చిన దర్జీని సాయంత్రం నాలుగింటికి పక్క గదిలోకి తీసుకెళ్ళారు. ఐదింటిదాకా అతని గొంతు వినపడింది. ఆ తర్వాత వినపడలేదు. ఇవాళ పద్దెనిమిది మందిమే వచ్చాం. అతను ఎక్కడున్నాడో ఈ కోర్టు అడగాలి."

పెన్సిలు ఎక్కడా ఆగలేదు. ఆమె ముగించాక జడ్జి కాసేపు కాగితాలు సర్దుకున్నాడు. తర్వాత పెన్సిలమ్మ వైపు వంగి, "రాసుకోండమ్మా" అన్నాడు. "తాను చెప్పుకోవలసినది ఏమియు లేదని ముద్దాయి చెప్పినది."

పెన్సిలమ్మ ఆ వాక్యం టైపు చేసింది. ఇందులో దాచేదేముంది, ఆమె వేళ్ళే చేశాయి. కింద జడ్జి సంతకం పెట్టాడు. టీచరమ్మను దింపి తీసుకెళ్తుంటే, ఆమె చిన్న బల్ల దగ్గర ఒక్క అడుగు ఆగింది. "నేనన్నది రాశావా అమ్మా?" అంది. పెన్సిలమ్మ పుస్తకం మూయకుండా అలాగే ఉంచింది. అర్థం కాని ఆ గీతల వంక టీచరమ్మ ఒకసారి చూసి, సరే అన్నట్టు తలూపి వెళ్ళింది. ఆమెకు నాలుగేళ్ళ జైలు వేశారు.

మూడు రోజులు పెన్సిలమ్మకు ముద్ద దిగలేదు. కూర్చుంటే ఆ గొంతు, నిలుచుంటే ఆ గొంతు. నాలుగో రోజు మధ్యాహ్నం భోజనం వేళ, ఖాళీ హాల్లో కూర్చుని ఆ వాంగ్మూలాన్ని మామూలు అక్షరాల్లో రాసింది. కాగితం మడిచి డాక్టరు చీటీలో పెట్టి, సాయంత్రం మందుల షాపాయన చేతికిచ్చింది. అతను చీటీ విప్పి చదివాడు. ఈ మందు ప్రస్తుతం లేదక్కా, తెప్పిస్తానన్నాడు.

వారం తిరక్కుండా ఆ వాంగ్మూలం ఊళ్ళో మాత్రల పొట్లాల్లో తిరిగింది. బీపీ మాత్రలతో కొందరికి, పిల్లల జ్వరం మందుతో కొందరికి అందింది. జనం చదివారు. దర్జీ ఎక్కడ అన్న ప్రశ్న గోడల మీద సుద్దముక్కతో వెలిసింది, తుడిస్తే మళ్ళీ వెలిసింది. తర్వాతి గురువారం పోస్టాఫీసు ముందు నలుగురు నలుగురుగా, గుంపుకూ గుంపుకూ మధ్య పదడుగుల ఎడం పాటిస్తూ రెండు వందల మంది నిలబడ్డారు. ఐదుగురు ఎక్కడా లేరు, లెక్క ప్రకారం నేరం కాదు. టీచరమ్మ శిష్యులు కదా అని బస్సులో ఎవరో అన్నారు, బస్సంతా నవ్వింది. ఆ సాయంత్రం పెన్సిలమ్మ ఇవతలి కిటికీ దగ్గర కూర్చుంది.

టీచరమ్మ తరఫున పైకోర్టుకు అప్పీలు వేసిన ప్లీడరు, పొట్టి మనిషి, కోర్టు వరండాలో ఆమె దగ్గరికి వచ్చాడు. ఊరంతా తిరుగుతున్న కాగితానికి కోర్టులో విలువ లేదని, రాసినవాళ్ళు ఇది నేను రాశాను, ఇదిగో పుస్తకం అని ప్రమాణపత్రం ఇస్తేనే విలువని చెప్పాడు. మీరే రాశారని నేననను, రాసినవాళ్ళు కనిపిస్తే చెప్పండి అని కూడా అన్నాడు.

ఆమె ఇంటికి వచ్చి భర్తకు చెప్పింది. ఆయన పంపుహౌసు రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు.

"సంతకం పెడతావని నాకు తెలుసు," అన్నాడు. "నన్నడగకు. అడిగితే వద్దంటాను."

"ఉద్యోగం పోతుందండీ."

"ఉద్యోగంతో పోతే బాగానే ఉంటుంది."

ఆమె అడగలేదు. సంతకం పెట్టింది.

పైకోర్టులో ఇద్దరు జడ్జీలు. వాళ్ళు చదవమన్నారు. పెన్సిలమ్మ పుస్తకం తెరిచి చదివింది, తన గొంతుతోనే అయినా టీచరమ్మ ఎక్కడ ఆగిందో అక్కడ ఆగుతూ. పెద్ద జడ్జి చేతిలో కలం అలాగే ఉండిపోయింది. ఒక క్షణంపాటు పొట్టి ప్లీడరు మొహంలో ఆశ కనపడింది. అప్పుడు ప్రభుత్వ వకీలు లేచాడు. ఈ గీతలు ఆవిడకు తప్ప ఎవరికీ తెలియవు, రేపు ఆవిడ ఏది చదివితే అది వాంగ్మూలమా, ఇంకెవరైనా చదివి చెప్పాలి కదా అన్నాడు. న్యాయంగానే ఉంది. చదవగలిగిన వాళ్ళెవరని జడ్జి అడిగాడు.

ఒక్కడే ఉన్నాడు. రెండో నంబరు హాలు స్టెనో. ముప్ఫై ఐదేళ్ళవాడు, ఇద్దరాడపిల్లల తండ్రి. తొమ్మిదేళ్ళ కిందట ఉద్యోగంలో చేరినప్పుడు సరిగా గీత పడేది కాదు. పెన్సిలమ్మ రెండేళ్ళపాటు మధ్యాహ్నాలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఆమె గీతల్లోని వంపులన్నీ అతని చేతిలోకి దిగాయి. కోర్టులో అతన్ని చిన్న పెన్సిలనేవారు. అతని పేరు వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అతనికి తన రాత అచ్చు పుస్తకంతో సమానం.

నాలుగు రోజుల తర్వాత అతను వచ్చాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు, కొత్త చొక్కా వేసుకున్నాడు. పుస్తకం ముందు పెడితే ఒక పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. అదే పేజీ దగ్గరికి మళ్ళీ వచ్చాడు. అతని పెదాలు గీతల వెంట కదలడం పెన్సిలమ్మ స్పష్టంగా చూసింది. చదువుతున్నాడు.

"ఇది చదవడానికి వీల్లేని రాత," అన్నాడు. "పద్ధతి ప్రకారం లేదు. నా వల్ల కాదు."

ఆమె వైపు చూడలేదు. అప్పీలు కొట్టేశారు. తప్పుడు ప్రమాణం చేసినందుకు ఆమె మీద చర్య తీసుకోమన్నారు. పుస్తకం కోర్టువారి స్వాధీనమైంది.

మిగిలిందంతా చకచకా జరిగిపోయింది. ఉద్యోగం పోయింది, పింఛను పోయింది, ఎనిమిది నెలల జైలు పడింది. ఆమె జైల్లో ఉండగానే భర్త చేత క్వార్టరు ఖాళీ చేయించారు. ఆయన ఊరికి ఆ చివర ఉన్న అక్కగారింటి పై గదిలోకి చేరాడు. ఆడపడుచు చెడ్డదేమీ కాదు. పెన్సిలమ్మ విడుదలై వచ్చిన రోజున నీళ్ళు కాచి పోసింది, తల తుడిచింది. తుడుస్తూనే, ఈ ఇంట్లో ఆ సంగతులు మాట్లాడొద్దమ్మా, మనవళ్ళున్నారు, బళ్ళో అడుగుతున్నారు అంది.

మందుల షాపుకు తాళం పడి, మళ్ళీ తెరుచుకుంది. ఆ నడుమ పేపర్లో ఒక మూల మందుల షాపాయన క్షమాపణ అచ్చయింది. పెద్దాయన ఫొటో ఇప్పుడు సీసాలన్నిటికీ ముందుంది, అద్దం కట్టించి. ఒకసారి బీపీ మాత్రల కోసం పెన్సిలమ్మ అంత దూరమూ వెళితే, తల ఎత్తకుండా ఇచ్చాడు. అతని ఎడమచేయి మోచేతి దగ్గర సరిగా మడతపడడం లేదని ఆమె చూసింది. గురువారాలు నిలబడేవాళ్ళు రెండు వందల మంది పోయి ఇరవై మంది అయ్యారు, ఇరవై పోయి ఆరుగురయ్యారు. తర్వాత మరమ్మతులని చెప్పి పోస్టాఫీసు మెట్లకు రేకులు కట్టేశారు. మరమ్మతు ఏదీ జరగలేదు, రేకులూ తియ్యలేదు. దర్జీ భార్య కొన్నాళ్ళు స్టేషన్ల చుట్టూ తిరిగి, పిల్లల్ని తీసుకుని తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఒక ఆదివారం పొద్దున చిన్న పెన్సిలు ఆ పై గదికి వచ్చాడు. పెన్సిలమ్మ కుర్చీ వేసింది. టీ పెట్టి ఇచ్చింది. అతను కప్పు పట్టుకుని, తాగకుండా చాలాసేపు కూర్చున్నాడు. జుట్టు నెరిసింది.

"నేను చదివానక్కా," అన్నాడు. "అక్షరం పొల్లుపోకుండా చదివాను."

"తెలుసు."

"ముందు రోజు ఇంటికొచ్చారు. పెద్దదాన్ని బడి నుంచి వాళ్ళ జీపులోనే తీసుకొచ్చి దింపారు. ఏమీ అనలేదు. చాక్లెట్ కూడా కొనిచ్చారు."

పిల్ల జీపు దిగడం, చేతిలో చాక్లెట్, గుమ్మంలో తండ్రి, అన్నీ పెన్సిలమ్మకు కనపడ్డాయి. ఆ చోట తానుంటే ఏం చేసేదో ఆమెకు తెలియదు. పిల్లలు లేకపోవడం వల్లే సంతకం పెట్టగలిగానేమోనని జైల్లో చాలాసార్లు అనుకుంది కూడా.

"నన్ను క్షమించానని ఒక్కమాట అనక్కా."

"నీ మీద కోపం లేదురా. కానీ చెప్పాల్సిన చోట చెప్పలేదు. ఇక్కడ నాకు చెప్తే నేనేం చేసుకోను?" అంది. కాసేపాగి, "టీ చల్లారిపోతోంది, తాగు" అంది.

అతను తాగి, కప్పు కడిగి బోర్లించి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. హాళ్ళన్నిట్లో స్టెనోలను తీసేసి మాటలు రికార్డు చేసే యంత్రాలు పెట్టారని, వాటి మీట జడ్జి చేతి కిందే ఉంటుందని తర్వాత ఎవరో చెప్పారు.

శిక్ష మూడో ఏట వానాకాలంలో లెక్కల టీచరమ్మ జైల్లోనే చనిపోయింది. న్యుమోనియా అని రాసిచ్చారు. అంత్యక్రియలు జైలువాళ్ళే చేసేసి, దూరపు ఊళ్ళో ఉన్న ఆమె మేనకోడలికి కబురు పంపారు. ఆ పిల్ల సామాను తీసుకోవడానికి వచ్చి, ఎలాగో వాకబు చేసుకుని పెన్సిలమ్మ దగ్గరికి వచ్చింది. అత్తయ్య కోర్టులో ఏం చెప్పిందో తనకు కావాలంది. వాళ్ళ నాన్న మంచంలో ఉన్నాడట, ఒక్కసారి వినాలంటున్నాడట. ఊళ్ళో ఎవరిని అడిగినా తమ దగ్గర కాగితం లేదన్నారట. పోలీసులు ఇళ్ళు సోదా చేసిన రోజుల్లో అందరూ పొయ్యిలో పెట్టేశారు.

పెన్సిలమ్మ కాగితం తీసుకుని కూర్చుంది. నా కుడిచేతి వేళ్ళు రెండు, అని రాసింది. తర్వాత ఆగింది. వేళ్ళ సంగతి ముందు చెప్పిందా, దర్జీ సంగతి ముందు చెప్పిందా? నాలుగింటికి తీసుకెళ్ళారందా, నాలుగింటిదాకా వినపడిందందా? పేరు చెప్పమంటే చెప్తానందా, చెప్పగలనందా? ఇన్నాళ్ళూ మనసులో తిప్పి తిప్పి, అసలు మాటేదో తాను అనుకున్నదేదో కలిసిపోయాయి. జైల్లో దెబ్బలేమీ తగల్లేదు, ఎవరూ ఏమీ చేయలేదు. జ్ఞాపకం ఊరికే అరిగిపోయింది.

భర్త పక్కనే నిలబడి చూస్తున్నాడు. భావం ఉంటే చాలు కదా, ఏదో ఒకలా రాసివ్వు, ఆ ముసలాయనకేం తెలుస్తుందని మెల్లగా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. గంటసేపు కూర్చుని రెండే వాక్యాలు రాసింది. ఒకటి వేళ్ళ గురించి, ఒకటి దర్జీ ఎక్కడున్నాడో కోర్టు అడగాలన్నది.

"ఇంతవరకే నేను ఒట్టేసి చెప్పగలనమ్మా. మిగతాది నా దగ్గర లేదు," అంది.

ఆ పిల్ల రెండు వాక్యాలూ చదివి కళ్ళకద్దుకుని, మడిచి చెప్పు లోపల పెట్టుకుంది. అప్పటికే కాగితాలు అలా దాచుకోవడం అందరికీ వచ్చేసింది.

వారం తర్వాత ఆడపడుచు ఇంటి ఫోను మోగింది. మేనకోడలే. దారిలో బస్సు ఆపి ఒక్కొక్కళ్ళనీ దింపి చెప్పులు విప్పిస్తున్నారని, భయపడి కాగితాన్ని ముందే కిటికీలోంచి పారేశానని చెప్పింది. నాన్నకు నోటిమాటగా చెప్పిందట, ఆయనకు సరిగా వినపడలేదట. "ఏమనుకోకండి పెద్దమ్మా," అంది.

"ఏమీ అనుకోను తల్లీ. నువ్వు క్షేమంగా చేరావుగా."

ఫోను పెట్టేశాక ఎవరే అని భర్త అడిగాడు. ఆ పిల్ల ఇంటికి చేరిందటండీ అని చెప్పి, పెన్సిలమ్మ మేడ మీద ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళింది. మబ్బు పట్టింది.